ఉప్పిచ్చి కొన్న తీపి మిరపకాయలు

గుంటూరు జిల్లాలో మిరపకాయల వ్యాపారం చేసినవాళ్ళు వేలమంది ఉంటారు. ఇటలీ దేశానికి వెళ్ళి, కొండెక్కి, చేతిగడియారం రావలసిన సరుకు ఇచ్చి, కారం లేని మిరపకాయలు కొన్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ ఘనత ఇంతవరకు ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కోలేదు. నరసరావుపేట బజారులో పుట్టాను. నడక రాకముందే తక్కెడ పళ్ళెంలో కూర్చున్నాను. కాయ విరిస్తే వచ్చే చప్పుడు విని అది ఏ ఊరి చేలో కాసిందో చెప్పగల మా నాయన దగ్గర పని నేర్చుకున్నాను. ఇంతా నేర్చుకుని, నాలుగు దండల తీపి మిరపకాయలు మెళ్ళో వేసుకుని పెళ్ళికొడుకులాగా కొండ దిగాను.

ఇది ఇప్పుడు రాయటానికి కారణం మా వీధి చివరి పళ్ళ డాక్టరు. ఆయనా భార్యా ఆ మధ్య ఇటలీ యాత్ర చేసి వచ్చారు. తిరిగొచ్చిన వారానికి, నా కట్టుడు పళ్ళు సరిచేసే వంకన ఇంటికొచ్చి, ఫోనులో ఫొటోలు చూపించాడు. ఒకరోజంతా పల్లెటూళ్ళు తిప్పి అక్కడి తిండీ, అక్కడి వైనూ రుచి చూపిస్తారట. మనిషికి పద్నాలుగు వేలట. "భోజనంతో కలిపేనా?" అన్నాను. అలవాటు పోదు. "కలిపేనండీ తాతగారూ." "వైను?" "అదీ కలిపే. కానీ గ్లాసులో అడుగంటేటట్టు పోస్తారు, అంతే." ఆ మాటలు అంటూనే ఆయన వేలితో తోసిన ఫొటోలో ఒక తెల్లరాతి గోడ, గోడకి వేలాడుతున్న ఎర్రటి దండలు కనపడ్డాయి. ఆపమన్నాను. పెద్దది చెయ్యమన్నాను. "కొరికి చూశారా?" అని అడిగాను. "ఏవండీ?" "ఆ కాయలు." ఆయన నవ్వాడు. "అవి గోడకి అలంకారం అనుకున్నామండీ." ఆ పూటంతా నాకు ఆ గోడే కళ్ళముందు ఉంది. తొంభైకి రెండు తక్కువ ఉన్నవాడికి నిన్న ఏం తిన్నాడో గుర్తుండదు గాని, ఇరవయ్యో ఏట తిన్నది మాత్రం నాలిక మీదే ఉంటుంది.

మా కొట్టు సంగతి చెప్పకపోతే ఆ కొండ మీద నేను చేసిన పని అర్థం కాదు. ఇంటికి ముందు భాగమే కొట్టు. తెల్లవారుజామున మా నాయన మొహం కడుక్కుని, తలుపు బల్లలు ఒక్కొక్కటే తీసి గోడకి చేరేసి, గడపకి నీళ్ళు చల్లేసరికి లోపలి వాసనంతా ఒక్కసారి వీధిలోకి వచ్చేది. మిరపకాయల ఘాటు, నల్లబెల్లం, గానుగ నూనె, కిరసనాయిలు, గోనెసంచుల పాత జనప వాసన కలిసి ఒకటే ముద్దగా ఉండేవి. ఆ ముద్దలోంచి దేనికది విడదీసి చెప్పటమే నా మొదటి చదువు. రాత్రి కొట్టు కట్టేటప్పుడు అన్నీ లోపలికి పోయేవి గాని, ఉప్పు బస్తా మాత్రం అరుగు మీదే ఉండిపోయేది. "ఉప్పు దొంగ ఇంకా పుట్టలేదురా," అనేవాడు నాయన. తక్కెడలో తూచటం లేదు, చెక్క మానికతో కొలవటమే. కొలిచాక ఇంకో గుప్పెడు కొసరు. అంత చవక సరుకైనా, దానికున్నన్ని మర్యాదలు మా కొట్టులో జీడిపప్పుకి కూడా లేవు. దీపం పెట్టాక ఉప్పు అని పేరెత్తకూడదు, "బుట్టలోది" అనాలి. ఎవరి అరచేతిలోనూ పెట్టకూడదు. పెడితే రెండిళ్ళకీ తగువు. అరచెయ్యి చాపినవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా సరే, నాయన ఉప్పుని బల్ల మీద ఆకులో పెట్టి వెనక్కి జరిగేవాడు, వాళ్ళే తీసుకోవాలి. ఇక ఉప్పు ఒలకపోస్తే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. "ఒలికింది ఒలికినట్టే పోద్దనుకున్నావా? యమలోకంలో కనురెప్పలతో ఏరిపిస్తారు, ఇప్పుడే వేళ్ళతో ఏరుకో," అనేది.

బేరం సంగతులు నాయన విడిగా చెప్పేవాడు, మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక, నడుం వాల్చి. "సరుకంతా ఒక్కసారి చూపించమాక. సగం లోపలుంచు." "ఎదుటోడి నోటిమాట వినమాక, కళ్ళల్లో అవసరం చూడు." "మిరగాయ కొనేటప్పుడు కొరకమాక. కొరికావంటే కొనటానికే వచ్చావని తెలిసిపోద్ది. విరువు, వాసన చూడు, ఆడించి గింజ చప్పుడు విను. చాలు." ఈ మూడూ నాకు వేదం.

ఎస్సెల్సీ తప్పాక ఆ వేదం వల్లించుకుంటూ కొట్లో కూర్చోవలసినవాణ్ణి, రెండో ప్రపంచ యుద్ధం కోసం గుంటూరులో మిలిటరీవాళ్ళు సామాన్ల లెక్కలు రాయగలవాళ్ళ కోసం చూస్తున్నారని తెలిసి వెళ్ళి చేరాను. అమ్మ ఏడ్చింది. నాయన బేరగాడిలాగే అడిగాడు. "జీతం కాక తిండి వాళ్ళదేనా?" "వాళ్ళదే." "గుడ్డలు?" "వాళ్ళవే." మిగిలిన ఒక్క సరుకు ప్రాణం, దాని సంగతి ఇద్దరం ఎత్తలేదు.

అలా తిరిగి తిరిగి ఇటలీలో బారీ రేవు దగ్గర ఒక సామాన్ల డిపోలో పడ్డాను. అక్కడ నాకు దొరికిన చుట్టం రాయప్ప. మా పల్నాటివాడే, రెంటచింతల క్రైస్తవుడు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. బస్తాలు మోయించే పని అతనిది, లెక్క రాసే పని నాది. చిన్నప్పుడు గుడిలో పూజకి అందించేవాడట. ఫాదరుగారు లాటినులో ఒక మాటంటే, పక్కన మోకాళ్ళ మీద ఉన్న రాయప్ప లాటినులో ఇంకో మాట అప్పజెప్పాలి. అర్థం ఇద్దరిలో ఎవరికి తెలుసో దేవుడికెరుక. రాయప్పకి మాత్రం ఆ ధీమా చానా ఉండేది.

క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులు ఉందనగా వచ్చి నా బల్ల పక్కన కూలబడ్డాడు.

"శెట్టీ, పండగనాడు కూడా ఈ పసుప్పచ్చ మన్నేనా మాంసం కూరలో? మా ఊళ్ళో ఈ పాటికి ఎండుమిరగాయలు దంచుతా ఉంటారు. వీధి వీధంతా తుమ్ముద్ది."

పసుప్పచ్చ మన్ను అంటే మిలిటరీవాళ్ళిచ్చే కూరపొడి. మా డిపోలో తెలుగువాళ్ళూ అరవవాళ్ళూ కలిసి ముప్పై మందిమి, దాంతో అందరి నోళ్ళూ చచ్చిపోయి ఉన్నాయి.

"నాకెందుకు చెప్తావు? ఆ మాంసం నేను తింటానా?"

"నువ్వు తినవులే. బేరం చెయ్యగలవుగా. పైన కొండల్లో ప్రతి గోడకీ ఎర్రగా దండలు ఏలాడతన్నయ్యంట, లారీవోడు చెప్పాడు. డబ్బులిస్తే మొహం కూడా చూడరంట. ఉప్పిస్తే మాత్రం కాళ్ళకి దణ్ణం పెడతారంట."

అది నిజమే. అక్కడ ఉప్పు సర్కారువాళ్ళే అమ్మాలి, యుద్ధంలో ఆ సర్కారే లేకుండా పోయింది. మన దేశంలో ఉప్పు మీద పన్నేశారని తిట్టుకున్నాం. అక్కడివాళ్ళు పన్ను కడతామన్నా ఉప్పు లేదు. నా దగ్గర మాత్రం ఉంది. డిపోలో చిరిగిన బస్తాల్లోంచి కారిన ఉప్పుని రోజూ ఊడ్చి సముద్రంలో పోస్తుంటే నాయనమ్మ మాట గుర్తొచ్చి ప్రాణం ఒప్పక, సార్జెంటుని అడిగి, ఆయన నవ్వి "తీసుకుపో" అన్నాక, జల్లెడ పట్టి, మట్టి ఏరి, ఎండబెట్టి రెండు సంచులు చేశాను. ఒకటి మిరపకాయలకి. రెండోది ఎవరికీ చెప్పలేదు. కొండ కింద ఊళ్ళో ఒక గడియారాలవాడు సంచి ఉప్పుకి చేతిగడియారం ఇస్తున్నాడని ఆ లారీవాడే నాకు విడిగా చెప్పాడు. అది పెట్టుకుని నరసరావుపేట బజార్లో, టైమెంతయిందని ఎవరూ అడక్కపోయినా చెపుతూ నడవాలని నా కోరిక.

"భాష ఎట్లారా?" అన్నాను.

రాయప్పకి కోపమొచ్చింది. "రోము ఎవరిది? వీళ్ళది. పూజ ఎవరిది? రోముది. ఎనిమిదేళ్ళు పూజలో బదులు చెప్పినోణ్ణి, నాకు వీళ్ళ భాష రాదంటావా?"

మర్నాడు సెలవు చీటీలు రాయించుకుని రేషను లారీలో కొండ కిందిదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాం. చలికాలపు ఎండ పల్చగా పాలవిరుగుడులాగా ఉంది. దారికి రెండు పక్కలా సున్నమూ మట్టీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు చూసి ఇద్దరం నిలబడిపోయాం. మాచర్ల, గురజాల వైపు నాపరాళ్ళు పేర్చి దొడ్లు కడతారే, అచ్చం అట్లాగే. "మనోళ్ళెవరో మనకన్నా ముందే వచ్చారు శెట్టీ," అన్నాడు రాయప్ప. రాయి ఏరి చేను చేసుకున్నవాళ్ళ చేతులు ఏ దేశంలో అయినా ఒకటే పని చేస్తాయి. ఆ గోడల మధ్య బూడిదరంగు ఆకుల ఆలివ్ చెట్లు, వాటి కింద వంగి కాయలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు. ఊరి మొదట్లోనే ఒక ఇంటి గోడకి, కిటికీ పక్కన, నాలుగు దండలు కనపడ్డాయి. నిగనిగలాడే ఎరుపు. తొడిమ చెడలేదు. మచ్చ లేదు. నా గుండె కొట్టుకుంటోంది; మొహం మాత్రం ఏదో దారి తప్పి వచ్చినవాడిలాగా పెట్టాను.

తలుపు తీసినావిడకి అరవై ఏళ్ళుంటాయి. నల్లబట్టలు, తలకి గుడ్డ, పొట్టి మనిషి, భుజాలు మాత్రం బస్తా మోసేవాడివి. వెనకాల కోడలు, చేతులు తుడుచుకుంటూ. రాయప్ప గుండె మీద శిలువ గుర్తు వేసుకుని, వచ్చిన లాటినంతా ఒక్కసారిగా అప్పజెప్పాడు. ఆవిడ నోరు తెరుచుకుని విని, తనూ శిలువ వేసుకుని, ఇంట్లోకి రమ్మంది. పేరు అడిగితే గుండె మీద చెయ్యి పెట్టి "కొంచెత్త" అంది. నాకు "కొంచెమత్త" అని వినపడింది. పేరు ఆవిడ ఎత్తుకి సరిపోయింది. అప్పట్నుంచీ నాకు ఆవిడ కొంచెమత్తే.

లోపల అడుగు పెట్టి నేను మళ్ళీ గుమ్మం పట్టుకున్నాను. దూలానికి నిలువునా రెండుగా చీల్చిన పంది వేలాడుతోంది. "అమ్మా వాసవీ," అని కళ్ళు మూసుకున్నాను. రాయప్ప నా జబ్బ పట్టుకున్నాడు. "పడిపోతే నిన్ను మోసుకుపోలేను శెట్టీ. గోడకేసి చూడు."

నేను గోడకేసి చూస్తూనే సంగతి అర్థం చేసుకున్నాను, చేతులూ కళ్ళూ చెప్పేవి భాష అక్కర్లేకుండా తెలుస్తాయి. ఏడాదికోసారి పందిని కోసి, ఉప్పులో ఊరవేసి, దూలాలకి కట్టుకుంటారు. ఇంటిల్లిపాదికీ ఏడాదంతా అదే. కోసే రోజుకి ఉప్పు తెస్తానన్న మనిషి రాలేదు. కోసి రెండు రోజులైంది. చలి కాచింది గాని, ఈ రోజు ఎండ వచ్చింది. కోడలు మాటిమాటికీ వెళ్ళి మాంసానికి ముక్కు ఆనించి వస్తోంది. కోడలి మొగుడు యుద్ధానికి పోయినవాడు ఎక్కడో ఖైదులో ఉన్నాడట. ఇంట్లో తినేవాళ్ళెందరో కొంచెమత్త వేళ్ళ మీద చూపించింది. ఆరు వేళ్ళు. తర్వాత "సాలే," అంది, చూపుడువేలూ బొటనవేలూ రుద్ది. "సాలే, సాలే."

రాయప్ప ఎగిరి గంతేశాడు. "సాల్! జ్ఞానస్నానంలో పసిబిడ్డ నాలిక మీద ఉప్పేసేటప్పుడు ఫాదరుగారు అంటాడు. ఉప్పు, శెట్టీ, ఉప్పడుగుతుంది! చూశావా, నాకు భాష రాదన్నావు!"

ఆ ఒక్క మాట కలిసేసరికి నేను అతని పాండిత్యాన్ని నమ్మాను. అప్పు లేకుండా మొదటి బేరం కుదిరినవాణ్ణి రెండో బేరంలో కళ్ళు మూసుకుని నమ్ముతారే, అట్లా.

కళ్ళల్లో అవసరం చూడమన్నాడు నాయన. ఆ కళ్ళల్లో అవసరం తప్ప ఇంకేం లేదు. నేను ఒక్క సంచి తీసి బల్ల మీద పెట్టాను. రెండోది భుజం సంచీ అడుగున, బెంచీ కిందికి తోసి కాలు అడ్డం పెట్టాను. కిటికీలోంచి దండల వైపు చూపించి నాలుగు వేళ్ళెత్తాను. ఆవిడ ఒకటెత్తింది. నేను సంచి మూతి కట్టి లేవబోయాను, అది మా కొట్టు విద్య. ఆవిడ రెండెత్తింది. రెండు దండలకి కుదిరింది. లోలోపల మురిసిపోయాను.

అప్పుడు కొంచెమత్త సంచి మీద చెయ్యివేసి బరువు చూసుకుని, పొయ్యిలోంచి ఆరిన బొగ్గు ముక్క తీసుకుని పంది దగ్గరికి వెళ్ళింది. కాసేపు నిలబడి, మెల్లగా గీతలు గీసింది. ఈ తొడ ఉంటుంది. ఈ పక్క ఉంటుంది. గీతకి ఇవతలిదంతా పోతుంది. ఉప్పు సగానికే వస్తుందని ఆవిడ చేతికి తెలిసిపోయింది. కోడలు మొహం తిప్పుకుంది. నా కాలు బెంచీ కింద రెండో సంచికి తగులుతూనే ఉంది. గడియారం ముల్లు తిరుగుతున్నట్టు ఉంది గాని నేను కాలు తియ్యలేదు.

బేరం అయిపోయింది, వెళ్ళిపోవచ్చు. కానీ ఆవిడ ఇద్దరి భుజాలూ పట్టి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. తినకుండా వెళ్ళటం అన్న సంగతి ఆ ఇంట్లో లేదు. నేను పందిని చూపించి, చేతులు అడ్డంగా ఊపి, నోరు మూసుకున్నాను. కొంచెమత్త నన్ను ఎగాదిగా చూసి ఏదో అంది. "ఉపవాసమా అని అడుగుతుంది. అవునన్నాను," అన్నాడు రాయప్ప.

ముందు పెట్టింది మట్టి గిన్నెలో పప్పు. ఏదో పెద్ద చిక్కుడు గింజలని పొట్టు తీసి, పొయ్యి పక్కన మట్టికుండలో పొద్దుటినుంచీ మగ్గబెట్టి, కర్రతో ఎనిపి వెన్నలాగా చేసింది. పక్కన పొలం గట్ల మీద దొరికే చేదు ఆకు ఉడకబెట్టింది. పైన ఆలివ్ నూనె. అంతకుముందు డిపోలో ఆ నూనె వాసన చూసి ఆముదానికి తమ్ముడనుకున్నవాణ్ణి. ఇక్కడ పచ్చగా, ఘాటుగా, గొంతులో కాస్త మండుతూ దిగుతుంటే ఇన్నాళ్ళూ నేను తిట్టింది నూనెని కాదు, డబ్బాని అని తెలిసింది. రొట్టె తిరగలి రాయంత ఉంది. దాన్ని రొమ్ముకి ఆనించి, కత్తి తనవైపుకి లాగుతూ కోసింది కొంచెమత్త. చూస్తుంటే మాకు ప్రాణాలు పోయాయి, ఆవిడకి గుండీ కూడా తెగలేదు. పప్పు, ఆకుకూర, నూనె. సముద్రాలు దాటి వచ్చి నేను మా ఇంటి పీట మీదే కూర్చున్నాను.

తర్వాత వైను వచ్చింది. మా వంశంలో ఎవరూ ముట్టనిది. నేను వెనక్కి జరిగాను.

"ఒరేయ్ శెట్టీ, పూజలో ఫాదరు తాగేది ఇదే. తీర్థమనుకో," అన్నాడు రాయప్ప.

తీర్థం అయితే పద్ధతి ఉంటుంది గదా. కుడి అరచెయ్యి దొన్నెలాగా పట్టి, ఎడమ చెయ్యి కింద ఆనించి చాపాను. కొంచెమత్త కూజా పట్టుకుని నా చెయ్యి చూసింది, గ్లాసు చూసింది, మళ్ళీ నా చెయ్యి చూసింది. ఏమనుకుందో, వంగి జాగ్రత్తగా చేతిలోనే పోసింది. పీల్చి, తడిచెయ్యి తలకి రాసుకుని మళ్ళీ చాపాను. మూడుసార్లు. కోడలు ఆ రోజు మొదటిసారి నవ్వింది, కొంగులాంటి గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని. నేరేడుపండు నలిపి, వక్క వగరు కలిపి, చివర్లో వెచ్చగా వేలు పెట్టి తాకినట్టుంది ఆ రుచి. తీర్థం మూడుసార్లే గనక, నాలుగోసారికి గ్లాసు పుచ్చుకున్నాను.

అప్పుడే ఒక దండలోంచి నాలుగు కాయలు తెంచి, కాగిన నూనెలో క్షణం ముంచి తీసి పెట్టింది. కరకరలాడుతున్నాయి, కమ్మగా ఉన్నాయి. కారం లేదు. ఇక్కడ నా తెలివి చూడండి. మన మిరపకాయ కూడా మజ్జిగలో ఊరబెట్టి ఎండబెడితే చల్లబడుతుంది. వీళ్ళూ ఏదో అట్లాంటి పని చేసే వేయించి ఉంటారు, పచ్చిదాంట్లో కారం ఉండే ఉంటుందని లెక్కగట్టాను. ఏమీ తెలియనివాడైతే అక్కడే అసలు సంగతి పట్టేసేవాడు.

అంతా బాగుంది గాని, దేంట్లోనూ ఉప్పు లేదు. పప్పు చప్పన, ఆకు చప్పన, రొట్టె చప్పన. ఉప్పు తిన్న ఇంటికి విశ్వాసం ఉండాలంటారు. ఈ ఇంట్లో నేను తిన్నది ఉప్పులేని కూడు, కాబట్టి నాకు ఏ విశ్వాసమూ అక్కర్లేదని, బెంచీ కింద కాలు అట్లాగే ఉంచి, నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. వైను దిగిన కోమటి బుర్ర ఎట్లా పనిచేస్తుందో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

కానీ చప్పిడి పప్పు ఎంతసేపు తింటాం? బల్ల మీది సంచి మూతి విప్పి చిటికెడు నా గిన్నెలో వేసుకున్నాను. తల ఎత్తేసరికి ఇద్దరాడవాళ్ళూ నా వేళ్ళనే చూస్తున్నారు. ఉప్పు వాళ్ళదైపోయింది; ఒక్క రవ్వ కూడా తమ గిన్నెల్లో వేసుకోలేదు. అంతా పందికే. సిగ్గేసి, గుప్పెడు తీసి కొంచెమత్త వైపు చాపాను. ఆవిడ మొహమాటపడి అరచెయ్యి పట్టింది. చేతిలో వెయ్యబోయి నా చెయ్యి ఆగిపోయింది. నేను ఆపలేదు; మా నాయన కొట్టులో పదేళ్ళు కూర్చున్న చెయ్యి, దానంతట అదే ఆగి, ఉప్పుని బల్ల మీద ఆవిడ ముందు పోసి వెనక్కి వచ్చేసింది.

కొంచెమత్త అరచెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఉప్పుకేసి చూసింది. నాకేసి చూసింది. బల్ల మీద చరిచి కోడలికేసి తిరిగి గడగడా ఏదో చెప్పింది. కోడలు కూడా కళ్ళు పెద్దవి చేసింది. ఆవిడ తన అరచెయ్యి చూపించి, "ఊహూ" అని వేలు ఆడించి, రెండు పిడికిళ్ళు ఒకదానితో ఒకటి కొట్టించింది. చేతికి చేతికి ఉప్పు ఇస్తే తగువు. వాళ్ళకీ అంతే!

"ఏందిరా ఇది, మీ నాయనమ్మ ఇక్కడికెప్పుడొచ్చింది?" అన్నాడు రాయప్ప.

కొంచెమత్త నా తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. అప్పటిదాకా నేను యూనిఫారం వేసుకున్న బేరగాణ్ణి. ఇప్పుడు ఆ ఇంటివాణ్ణి అయ్యాను. ఆవిడ బల్ల మీది ఉప్పులోంచి సరిగ్గా చిటికెడు తీసి పప్పులో వేసుకుని, మిగిలినదంతా చేత్తో ఊడ్చి సంచిలోకి నెట్టింది. ఆ చెయ్యి చూశాక నేను కాలు తీశాను. వంగి, రెండో సంచి తెచ్చి బల్ల మీద పెట్టాను. వేళ్ళెత్తలేదు. ధర చెప్పలేదు. కోడలు లేచి, బొగ్గు గీతని తడిగుడ్డతో తుడిచేసింది.

ఆ తర్వాత చూసిన పనితనం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. పందికి మొహం తిప్పుకున్నవాణ్ణి, కళ్ళు మాత్రం ఆ చేతుల మీదే పెట్టాను. చెక్క తొట్టెలో ఒక్కో ముక్కా పెట్టి, పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు మెత్తగా, మడత మడతలోకీ, ఎముక పక్కకీ ఉప్పు పట్టించారు అత్తా కోడళ్ళు. ఎక్కడ ఎక్కువ కావాలో, ఎక్కడ తక్కువ చాలో వేళ్ళకే తెలుసు. ఒక్క రవ్వ నేల మీద పడలేదు. రెండో సంచి అడుక్కి వచ్చేసరికి ఆఖరి ముక్క పూర్తయింది. అంత కొలత మా మానిక కూడా చెప్పలేదు.

మేం లేచేసరికి కొంచెమత్త బయటికి వెళ్ళి గోడ మీద దండలన్నీ దించింది. రెండు కాదు, నాలుగూ. వాటిని చేతిలో పెట్టుకుని, నాకివ్వకుండా, తల అడ్డంగా ఊపుతూ "దోల్చే, దోల్చే" అంది. నాలిక చూపించి, మళ్ళీ "దోల్చే."

"ఏమంటుందిరా?"

రాయప్ప కళ్ళు మూసుకుని వెతికాడు. "దుల్చిస్... దుల్చిస్... ఆఁ! మరియమ్మ ప్రార్థన చివర్లో వస్తది, తల్లిని పొగిడే మాట. మరియమ్మ సాక్షిగా మంచి సరుకంటుంది శెట్టీ. నాలిక మీద ప్రమాణం చేస్తుంది, చూడు!"

నేను ఒక కాయ విరిచాను. చప్పుడు సరిగా ఉంది. ఆడించాను, గింజ పలికింది. కొరకలేదు. కొరికితే నాయన పరువు పోదూ? ఆవిడ ఇంకా అంటూనే ఉంది, నేను చేతులు జోడించి "నమ్మాను అత్తా, నమ్మాను," అంటూ దండలు మెళ్ళో వేసుకున్నాను. దోల్చే అంటే తీపి అని తర్వాత తెలిసింది. పాపం, తీపివి బాబూ, నీకు కావలసినవి ఇవి కాదేమో చూసుకో అని అంతసేపూ మొత్తుకుంది. అంత నిజాయితీగా సరుకు లోపం చెప్పి అమ్మిన మనిషిని అరవై ఏళ్ళ వ్యాపారంలో నేను ఇంకొకర్ని చూడలేదు.

క్రిస్మస్ రోజున వంటవాడు మస్తాను రెండు దండలు దంచి మాంసంలో వేశాడు. మస్తానుది రొంపిచెర్ల, నోరు మంచిది కాదు. ముప్పైమంది నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. మస్తాను గరిటె నాకి, నా దగ్గరికి నడిచొచ్చాడు. "ఏందయ్యా శెట్టీ ఇవి? మిరగాయలా, ముసుగేసుకున్న బెల్లమా? మీ కొట్టుకి ఇంకెవరన్నా వస్తారంటావా?" రాయప్ప పళ్ళెంలో తల దాచుకున్నాడు. కానీ రంగు మాత్రం నిప్పులాగా వచ్చింది, తిట్టుకుంటూనే మూడోసారి వడ్డించుకున్నారు. డిపో ఎత్తేసేదాకా నా పేరు తీపిశెట్టి.

యుద్ధం అయ్యాక ఇంటికొచ్చి నాయనకి ఇదంతా చెప్పాను, వైను సంగతి తప్ప. "కొరికి చూళ్ళేదా?" అన్నాడు. "మీరేగా కొరకమాకన్నది." ఆయన నవ్వగా చూసింది అప్పుడే. పంచె కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు ప్లాస్టిక్ పొట్లంలో వస్తుంది, చేతికి చేతికే ఇచ్చుకుంటారు, ఎవరికీ తగువు రాలేదు. పళ్ళ డాక్టరు పద్నాలుగు వేలకి తిన్న పప్పూ నేను తిన్న పప్పూ ఒకటే అయ్యుంటుంది. ఆయన దాంట్లో ఉప్పు సరిపోయిందట. ఆయన్ని ఎవరూ భుజాలు పట్టి కూర్చోబెట్టలేదు, బల్ల కోసం పేర్లు ముందుగానే రాయించుకున్నారు. నేను ఆయన్ని తక్కువ చెయ్యటం లేదు. డబ్బు పెట్టుకుని వెళ్ళి తిన్నాడు, మాట పడకుండా వచ్చాడు. బేరగాడిగా చూస్తే ఆయనే మెరుగు.

ఇక నా లెక్క. వచ్చింది: పప్పు, ఆకుకూర, రొట్టె, కడుపునిండా. వైను, చేతిలో మూడుసార్లు, గ్లాసులో ఎన్నిసార్లో గుర్తు లేదు. నాలుగు దండల మిరపకాయలు, కారం సున్నా. నుదుటి మీద ఒక ముద్దు. ఒక మారుపేరు. పోయింది: ఒక గడియారం, ఎన్నడూ నా చేతికి రానిది, కాబట్టి రాయకూడదు. ఉప్పు రెండు సంచులు, ఊడ్చి తెచ్చుకున్నవి, కాబట్టి ఖరీదు లేదు. అయినా రాస్తున్నాను. మొదటి సంచి, బేరమాడి ఇచ్చాను. రెండోది, బొగ్గు గీత గీశాక అరగంట ఆలస్యంగా.